మొదటి రూపాయి ఎవరిది?

ముంబై గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు తూర్పున లామింగ్టన్ రోడ్డు ఉంటుంది. ఇవాళ జనం అక్కడికి కంప్యూటర్ విడిభాగాలు, కేబుళ్లు, చార్జర్లు కొనుక్కోవడానికి వెళతారు. ఒక తరం కిందటి దాకా అది సినిమా వీధి. మినర్వా, అప్సర, స్వస్తిక్, నాజ్... నడిచి వెళ్లేంత దూరంలో ఇన్ని హాళ్లు. వీటిలో నాజ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఆ భవనంలోనే హిందీ సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కిక్కిరిసి ఉండేవి. శుక్రవారం ఆటలు మొదలైన కాసేపటికే ఢిల్లీలో బొమ్మ నిలబడిందా, ఇండోర్‌లో పడిపోయిందా అన్న కబురు ఆ వరండాల్లో తిరిగేది. కొత్త సినిమా మొదలుపెట్టాలనుకున్న నిర్మాత బేరం కుదుర్చుకోవడానికి ఆ మెట్లు ఎక్కక తప్పేది కాదు.

హిందీ సినిమా ఓటీటీ బాట పట్టడం గురించి చర్చ వచ్చినప్పుడల్లా అందరూ తెర గురించే మాట్లాడతారు. పెద్ద తెర పోయి చిన్న తెర వచ్చిందంటారు. కానీ తెర మారడం ఈ పరిశ్రమకు కొత్త కాదు. దూరదర్శన్, వీడియో క్యాసెట్, కేబుల్, శాటిలైట్ చానెల్... ఏది వచ్చినా థియేటర్ల పని అయిపోయిందనే అన్నారు. నాజ్ బిల్డింగ్ వైపు నుంచి చూస్తే అసలు మార్పు ఇంకోచోట కనిపిస్తుంది. సినిమా పూర్తికాక ముందే దాని మీద మొదటి రూపాయి పెట్టేది ఎవరు? ఆ చెయ్యి మారిన ప్రతిసారీ హిందీ సినిమాలో కథ మారింది, నిడివి మారింది, నటులు మారారు. ప్రేక్షకుడి మాటకున్న బరువు కూడా మారింది.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత దశాబ్దాలపాటు ఆ చెయ్యి డిస్ట్రిబ్యూటర్‌ది. దేశాన్ని వాళ్లు ఏరియాలుగా పంచుకున్నారు. బాంబే, ఢిల్లీ-యూపీ, ఈస్ట్ పంజాబ్, సీపీ-సీఐ (సెంట్రల్ ప్రావిన్సెస్-సెంట్రల్ ఇండియా), రాజస్థాన్, బెంగాల్, మైసూర్, నైజాం. వీటిలో చాలా పేర్లు బ్రిటిష్ వాళ్ల పాలన నాటివి. హైదరాబాద్ సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిపోయినా సినిమా వ్యాపారంలో నైజాం పేరు చెక్కుచెదరలేదు. హిందీ డిస్ట్రిబ్యూటర్ల లెక్కలో పాత సంస్థానం కిందున్న మరాఠ్వాడా కూడా అందులోకే వచ్చేది. ఉర్దూ, దక్కనీ మాట్లాడే జనం ఉన్న హైదరాబాద్ వల్ల దక్షిణాదిలో హిందీ సినిమాకు గట్టి ఏరియాగా నైజాం నిలిచింది.

బేరం జరిగే తీరు ఇలా ఉండేది. నిర్మాత హీరోను, సంగీత దర్శకుణ్ణి ఖరారు చేసుకుని ముహూర్తం పెట్టేవాడు. ఏరియాకు ఒకరు చొప్పున డిస్ట్రిబ్యూటర్లు మినిమమ్ గ్యారంటీ ఒప్పుకుని అడ్వాన్స్ ఇచ్చేవారు. షూటింగ్ సాగేకొద్దీ వాయిదాలు. ప్రింటు చేతికి వచ్చిన రోజు ఆఖరి వాయిదా. గ్యారంటీ, ఖర్చులు, కమీషన్ పోను పైన వచ్చే ఓవర్‌ఫ్లోలో నిర్మాతకు వాటా ఉండేది. సినిమా పోతే నష్టం డిస్ట్రిబ్యూటర్‌ది. చాలకపోతే ఫైనాన్సియర్ల దగ్గర పెద్ద వడ్డీకి అప్పు. సినిమాలకు బ్యాంకులు అప్పులిచ్చే రోజులు కావవి.

ఈ ఏర్పాటు తెర మీద స్పష్టంగా కనిపించేది. లూధియానా డిస్ట్రిబ్యూటర్ కూడా, హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ కూడా ఒకే సినిమాను కొనాలి. అందుకే మూడు గంటల నిడివిలో తల్లి కన్నీళ్లు, అన్నదమ్ముల ఎడబాటు, ఆరు పాటలు, కామెడీ ట్రాక్, క్లైమాక్స్ ఫైటు అన్నీ ఇమడాలి. ఆ కథల్ని మూసకథలని విమర్శకులు తీసిపారేశారు గానీ, ఆ మూసలోంచే గొప్ప సినిమాలూ వచ్చాయి. 1975 ఆగస్టు 15న విడుదలైన ‘షోలే’ లామింగ్టన్ రోడ్డు మీదున్న మినర్వాలో ఐదేళ్లకు పైగా ఆడింది. అంతకు ముందు 1943 నాటి ‘కిస్మత్’ కలకత్తా రాక్సీలో మూడేళ్లు దాటి ఆడింది. సినిమా హిట్టయిందో లేదో ఎవరూ ప్రకటన చేయనక్కర్లేదు. హాలు ముందు వేలాడే హౌస్‌ఫుల్ బోర్డు, బ్లాకులో టికెట్ ధర ఆ సంగతి ఊరందరికీ చెప్పేవి.

మొదటి గట్టి దెబ్బ 1980లలో పడింది. 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. వెనకే వీసీఆర్లు వచ్చాయి. కొత్త సినిమా విడుదలైన రోజుల్లోనే దొంగ క్యాసెట్ వీధి వీడియో పార్లర్‌కి చేరేది. ప్రభుత్వం 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచినా క్యాసెట్ల దందా ఆగలేదు. కాస్త స్థోమత ఉన్న కుటుంబాలు హాలుకు రావడం మానేశాయి. వాళ్ల సాయంత్రాలు 1984లో మొదలైన ‘హమ్ లోగ్’కి, ఆ తర్వాత ‘బునియాద్’కి, ‘రామాయణ్’కి వెళ్లిపోయాయి. ‘షోలే’ తీసిన రమేశ్ సిప్పీయే ‘బునియాద్’ దర్శకుల్లో ఒకరు. సినిమావాళ్లు చిన్న తెరకు పనిచేయడం నెట్‌ఫ్లిక్స్‌తో మొదలు కాలేదు.

ఆ కుటుంబాలను మళ్లీ హాలుకు రప్పించింది 1994 ఆగస్టులో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’. రాజశ్రీ సంస్థ ఆ సినిమా వీడియో హక్కుల్ని వెంటనే అమ్మకుండా ఆపింది. చూడాలంటే హాలుకే రావాలి. విడుదలకూ ఇంటి తెరకూ మధ్య కావాలని పెట్టిన ఆ ఎడం, విడుదలయ్యాక ఎనిమిది వారాలు ఆగాకే ఓటీటీకి ఇవ్వాలన్న ఇప్పటి వాదనకు తొలిరూపం. మరుసటి ఏడు అక్టోబర్ 20న వచ్చిన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ ముంబై సెంట్రల్ స్టేషన్ దగ్గర మరాఠా మందిర్‌లో పాతుకుపోయింది. ఉదయం పదకొండున్నర ఆట, తక్కువ రేటు టికెట్. రైలుకో, బస్సుకో ఇంకా టైమున్న ప్రయాణికులు, సెలవు దొరికిన కూలీలు, కాలేజీ జంటలు దానికి ప్రేక్షకులు. 2014 డిసెంబర్‌లో వెయ్యి వారాలు నిండాయి. 2015 ఫిబ్రవరిలో హాలు యాజమాన్యం ఆట ఆపేస్తే జనం ఊరుకోలేదు, మళ్లీ మొదలుపెట్టారు. టీవీలో లెక్కలేనన్నిసార్లు వచ్చిన సినిమాకి టికెట్ కొని వెళ్లేవాళ్లు ఉన్నారంటే, వాళ్లకు హాలు సినిమా చూసే చోటు మాత్రమే కాదన్నమాట.

మొదటి రూపాయి చేతులు మారడం కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది. అప్పటిదాకా పడగనీడలా ఉన్న చీకటి డబ్బు సంగతి 1997లో టీ-సిరీస్ అధినేత గుల్షన్ కుమార్ హత్యతో బయటపడింది. 2001లో ఫైనాన్సియర్ భరత్ షా అరెస్టు దాన్ని కోర్టు మెట్లెక్కించింది. హోదా వచ్చాక బ్యాంకులు, కార్పొరేట్ సంస్థలు రంగంలోకి దిగాయి. అంతకు ముందే 1997లో ఢిల్లీ సాకేత్‌లో పీవీఆర్ అనుపమ్ పేరుతో దేశంలో మొదటి మల్టీప్లెక్స్ తెరుచుకుంది. మెట్రో నగరంలో నాలుగు చిన్న హాళ్లలో నాలుగు రకాల సినిమాలు ఆడొచ్చని తేలింది. ‘దిల్ చాహ్తా హై’, ‘ఖోస్లా కా ఘోస్లా’, ‘భేజా ఫ్రై’ లాంటివి ఈ లెక్క మీదే నిలబడ్డాయి. ఇండోర్, పట్నా డిస్ట్రిబ్యూటర్‌కి నచ్చాలన్న షరతు వాటికి లేదు. దానికి రెండో వైపు కూడా ఉంది. పట్నా కుర్రాడి కోసం సినిమా తీసే అవసరం ముంబైలో తగ్గుతూ వచ్చింది.

నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ మధ్య వాటాల గొడవ 2009 ఏప్రిల్‌లో సమ్మెగా మారింది. రెండు నెలలపాటు పెద్ద హిందీ సినిమా ఏదీ మల్టీప్లెక్సుల్లో విడుదల కాలేదు. ఆమిర్ ఖాన్, షారుఖ్ ఖాన్ నిర్మాతల పక్షాన పత్రికల ముందు కూర్చున్నారు. జూన్‌లో రాజీ కుదిరింది. మొదటివారం వసూళ్లలో నిర్మాతకు 50 శాతం, రెండోవారం 42.5, మూడోవారం 37.5, ఆపైన 30. ఈ అంకెలు హిందీ సినిమా ఆయుష్షును మార్చేశాయి. వాటా ఎక్కువగా వచ్చేది మొదటివారమే కాబట్టి వీలైనన్ని తెరల మీద ఒకేసారి విడుదల చేసి మూడురోజుల్లో లాగేయడం పద్ధతయింది. వారాల లెక్క పోయి కోట్ల లెక్క వచ్చింది. 2008 చివర్లో వచ్చిన ‘గజని’తో వంద కోట్ల క్లబ్ అన్న మాట అప్పటికే పుట్టింది. శాటిలైట్ చానెళ్లు సినిమా పూర్తికాక ముందే హక్కులు కొనడం మొదలుపెట్టాక నాజ్ బిల్డింగ్ డిస్ట్రిబ్యూటర్ అవసరం ఇంకా తగ్గింది.

ఓటీటీ వచ్చింది ఈ నేల మీదికే. 2008లోనే బిగ్‌ఫ్లిక్స్ ఉంది గానీ అప్పటి ఇంటర్నెట్ సినిమా మోయలేదు. 2015 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే ఏడు సెప్టెంబర్‌లో డేటా ధరల్ని నేలకు దించిన జియో, డిసెంబర్‌లో అమెజాన్ ప్రైమ్ వీడియో. రెండేళ్లు తిరక్కుండానే నేల సిద్ధమైపోయింది. 2018 జులైలో విక్రమాదిత్య మోత్వానే, అనురాగ్ కశ్యప్ తీసిన ‘సేక్రెడ్ గేమ్స్’తో హిందీ కథ ఒకే రోజున 190 దేశాల్లోకి వెళ్లింది. సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, పాటలు అక్కర్లేదు, ఇంటర్వెల్ అక్కర్లేదు. స్టార్ లేకపోయినా డబ్బు వచ్చేది.

దీనివల్ల నటులకు జరిగిన మేలు చిన్నది కాదు. ఏళ్ల తరబడి చిన్న పాత్రల్లో మిగిలిపోయిన జైదీప్ అహ్లావత్ 2020లో ‘పాతాల్ లోక్’లో హాథీరామ్ చౌధరి అయ్యాడు. గుజరాతీ నాటకాల నుంచి వచ్చిన ప్రతీక్ గాంధీ అదే ఏడు ‘స్కామ్ 1992’లో హర్షద్ మెహతాగా దేశమంతటికీ తెలిశాడు. షెఫాలీ షా నటించిన ‘ఢిల్లీ క్రైమ్’ 2020లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా అంతర్జాతీయ ఎమ్మీ అందుకుంది. 1980ల చివర్లో దూరదర్శన్‌లో ముంగేరీలాల్‌గా కలలు కన్న రఘువీర్ యాదవ్, ‘పంచాయత్’లో ఫులేరా ప్రధాన్ భర్తగా కొత్త తరానికి ఇష్టుడయ్యాడు. మల్టీప్లెక్స్ సినిమా వదిలేసుకున్న ఉత్తరాది పల్లె ఈ సిరీస్‌తో హిందీ తెర మీదికి గౌరవంగా తిరిగి వచ్చింది.

ఈ దశలో తెలుగువాళ్ల పాత్ర కూడా గట్టిదే. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ సృష్టికర్తలు రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ సినిమాలు తీయడం నేర్చుకున్నవాళ్లు. 2019లో మొదలైన వాళ్ల సిరీస్ రెండో భాగంలో సమంత ప్రధాన పాత్ర చేసింది. ముంబైలో ఏ సినీ కుటుంబం అండా లేని ఇద్దరు ఓటీటీలో హిందీ కథకు ముందువరస రచయితలయ్యారు.

2020 మార్చిలో కోవిడ్‌తో హాళ్లు మూతబడ్డాయి. మార్చి 13న విడుదలైన ఇర్ఫాన్ ఖాన్ ‘అంగ్రేజీ మీడియం’ హాలులో ఉన్నది కొద్దిరోజులే. ఏప్రిల్ మొదట్లో హాట్‌స్టార్‌కి వెళ్లిపోయింది. ఆ నెలాఖరుకు ఇర్ఫానే లేడు. జూన్ 12న అమితాబ్ బచ్చన్, ఆయుష్మాన్ ఖురానా నటించిన ‘గులాబో సితాబో’ హాలు ముఖం చూడకుండా ప్రైమ్‌లో విడుదలైంది. నిర్మాతల మీద మల్టీప్లెక్స్ సంస్థలు బహిరంగంగానే నిరసన తెలిపాయి. ఇంకోవైపు 2020 మార్చి 24న రావలసిన ‘సూర్యవంశీ’ని దాని నిర్మాతలు పంతొమ్మిది నెలలు అట్టేపెట్టి, 2021 దీపావళికి హాళ్లలోనే వేశారు. ఆ మధ్యకాలంలో ప్రేక్షకులకు అలవాట్లు మారాయి. కుటుంబంతో సినిమాకి వెళ్లే ఖర్చుతో నెలల తరబడి చందా కట్టొచ్చన్న లెక్క ఇళ్లలో స్థిరపడిపోయింది.

హాళ్లు తెరుచుకున్నాక ముంబైకి పెద్ద ఆశ్చర్యం దక్షిణాది నుంచి వచ్చింది. పట్నా, లక్నో ప్రేక్షకుణ్ణి హిందీ నిర్మాతలు వదిలేసిన కాలంలో, తెలుగు మాస్ సినిమాల హిందీ డబ్బింగులు టీవీలోనూ యూట్యూబ్‌లోనూ అతణ్ణి అందుకున్నాయి. 2017లో ‘బాహుబలి 2’ హిందీ వెర్షన్ నికర వసూళ్లు 500 కోట్లు దాటినప్పుడు దాన్ని ఒక మినహాయింపుగా చూశారు. 2021 డిసెంబర్‌లో విడుదలైన ‘పుష్ప’ హాళ్లలో ఇంకా ఆడుతుండగానే 2022 జనవరిలో ప్రైమ్‌లో హిందీలో వచ్చింది, అయినా ఉత్తరాదిన జనం టికెట్లు కొంటూనే ఉన్నారు. 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’ హిందీ వెర్షన్ ఒక్కటే దేశంలో 800 కోట్లకు పైగా నికరంగా రాబట్టిందని ట్రేడ్ లెక్కలు. ముంబై కొత్త డబ్బు వెంట వెళుతూ వదులుకున్న ప్రేక్షకుడే ఈ కోట్లు ఇచ్చాడు.

దాంతో విడుదలకూ ఓటీటీకీ మధ్య ఎన్ని వారాలుండాలన్నది పెద్ద బేరమైంది. కోవిడ్ కాలంలో నాలుగు వారాలకు ఒప్పుకున్న మల్టీప్లెక్సులు 2022 ఆగస్టు నుంచి హిందీ సినిమాలకు మళ్లీ ఎనిమిది వారాలు అడిగాయి. ఆ నెలలోనే తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించుకున్న విషయాల్లో ఓటీటీ గడువు ఒకటి. 2023 అక్టోబర్‌లో విజయ్ ‘లియో’ నాలుగు వారాల ఒప్పందంతో రావడం వల్ల దాని హిందీ వెర్షన్‌ను ఉత్తరాది జాతీయ మల్టీప్లెక్సులు వేయలేదు. 2025 మేలో ‘భూల్ చూక్ మాఫ్’ గొడవ కోర్టుకే వెళ్లింది. విడుదల మే 9న అనగా, సరిహద్దు ఉద్రిక్తతల కారణంగా హాళ్లను పక్కనబెట్టి నేరుగా ప్రైమ్‌లో ఇస్తామని ముందురోజు నిర్మాతలు ప్రకటించారు. పీవీఆర్ ఐనాక్స్ బాంబే హైకోర్టుకు వెళ్లి ఆపించింది. చివరికి మే 23న హాళ్లలో, రెండు వారాలకు ఓటీటీలో విడుదల చేసేలా రాజీ పడ్డారు.

ఓటీటీ సంస్థ డిస్ట్రిబ్యూటర్ సీట్లో కూర్చున్నాక మారిన ముఖ్యమైన సంగతి లెక్క. హాలులో సినిమా పోతే ఊరందరికీ తెలిసేది, ఆడినా తెలిసేది. ఓటీటీలో ఎంతమంది చూశారన్నది ఆ సంస్థ చెబితేనే తెలుస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2023 డిసెంబర్ నుంచి ఆరునెలలకోసారి చూసిన గంటల లెక్క విడుదల చేస్తోంది. అది మంచి అడుగే గానీ, ఆ లెక్క రాసేదీ ప్రకటించేదీ కొనుగోలుదారే. సినిమా ఎందుకు కొన్నారో, ఎందుకు వద్దన్నారో రచయితకు తెలిసే దారి లేదు. దిబాకర్ బెనర్జీ నెట్‌ఫ్లిక్స్ కోసమే తీసిన ‘టీస్’ పూర్తయ్యాక కూడా అక్కడ విడుదల కాలేదు. డిస్ట్రిబ్యూటర్ల కాలంలో అమ్ముడుపోని సినిమాకు ఇంకో ఏరియా, ఇంకో కొనుగోలుదారు ఉండేవారు. ఒకే సంస్థ మొత్తం సొమ్ము పెట్టిన సినిమాకు ఆ రెండో తలుపు లేదు. 2021 జనవరిలో ‘తాండవ్’ మీద కేసులు, ఫిబ్రవరిలో కొత్త ఐటీ నిబంధనలు వచ్చాక సంస్థల ఎంపికలో జాగ్రత్త పెరిగింది. ‘సేక్రెడ్ గేమ్స్’ నాటి తెగువ ఇప్పుడు అరుదు.

డబ్బు విషయంలోనూ ఉదారం తగ్గింది. మొదట్లో చందాదారుల్ని పోగెయ్యడానికి పెద్ద ధరలిచ్చిన సంస్థలు, ఇప్పుడు హాలు వసూళ్లను చూసి ధర నిర్ణయిస్తున్నాయి. స్టార్ సినిమా రెండుచోట్లా నెగ్గుకొస్తుంది. మధ్యతరగతి కథతో, మధ్యస్థ బడ్జెట్‌తో వచ్చే సినిమాకి రెండుచోట్లా చోటు ఇరుకైంది. హిందీలో ఎన్నో మేలైన సినిమాలు ఆ మధ్యలోంచే వచ్చాయి కాబట్టి ఇది బాధపడాల్సిన నష్టం. ఆమిర్ ఖాన్ దీనికి ఇంకో దారి వెతికాడు. 2025 జూన్‌లో వచ్చిన ‘సితారే జమీన్ పర్’ను ఏ ఓటీటీకీ ముందుగా అమ్మకుండా హాళ్లలో ఆడించి, ఆగస్టు 1న యూట్యూబ్‌లో 100 రూపాయల అద్దెకు పెట్టాడు. మొదటి రూపాయి నేరుగా ప్రేక్షకుడి జేబులోంచే రావాలన్న ప్రయత్నం అది. ఆమిర్ అంత బలం లేనివాళ్లకు అది సాధ్యమయ్యేలా చూడటం పరిశ్రమ పని.

ఆ దారి ఉందనడానికి ఆధారాలు ఇటీవలివే ఉన్నాయి. కిరణ్ రావు ‘లాపతా లేడీస్’ 2024 మార్చిలో హాళ్లలో మామూలుగా ఆడి, ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లాక ఇంటింటికీ చేరి, ఆస్కార్‌కు భారత్ ఎంట్రీ అయింది. విధు వినోద్ చోప్రా ‘ట్వెల్త్ ఫెయిల్’ 2023 అక్టోబర్‌లో చిన్నగా మొదలై, డిసెంబర్‌లో హాట్‌స్టార్‌లో వచ్చాక కూడా హాలు వదలకుండా 25 వారాలు పూర్తి చేసుకుంది. ‘తుంబాడ్’ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 2018 అక్టోబర్‌లో విడుదలైనప్పుడు దానికి దక్కింది ఓ మోస్తరు ఆదరణే. ఆ తర్వాత ఓటీటీలో చూసినవాళ్లు నోటిమాటగా మోసుకెళ్లారు. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ హాళ్లలో వేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. ఇంట్లో చూసినవాళ్లే టికెట్ కొన్నారు. ఎనిమిది వారాలా, నాలుగు వారాలా అని బేరాలాడే నిర్మాతలు, మల్టీప్లెక్స్ యాజమాన్యాలు, ఓటీటీ కొనుగోలుదారులు ముగ్గురూ ఈ మూడు సినిమాల లెక్కల్ని ముందు పెట్టుకుని కూర్చోవాలి. టికెట్ ధర, ఆటల సంఖ్య, ఓటీటీలో ఎంతమంది చూశారన్న సమాచారం దాచకుండా ఒకే బల్ల మీదికి వస్తే, మధ్యస్థ సినిమా తీసే రచయితకు తన ప్రేక్షకులు ఎక్కడున్నారో, ఎంతమందో తెలుస్తుంది.